నల్లగుడ్డ కింద తలకిందులుగా నాయనమ్మ

నా చిన్నప్పుడు మా వీధిలో ఆకులు పచ్చగా ఉండేవి కావు. మాది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల నుంచి లేచే దుమ్ము వేపచెట్ల మీద, ఆరేసిన బట్టల మీద, బడికి వెళ్ళే పిల్లల జుట్టు మీద సన్నగా పరుచుకుని ఉండేది. వాన కురిసిన మర్నాడు మాత్రం ఒక పూట ఊరికి రంగులొచ్చేవి. ఎదురింటి పెదనాన్న ఆ పూటను పోనిచ్చేవాడు కాదు. మూడుకాళ్ళ మీద నిలబెట్టే తన పెద్ద చెక్క కెమెరాను బయటికి తెచ్చి, ఎవరూ అడగకపోయినా ఏదో ఒకటి తీసేవాడు. అప్పట్లో ఫోటోలు నలుపూ తెలుపే. అయినా కడిగిన ఆకుకీ కడగని ఆకుకీ తేడా తెలుస్తుందని ఆయన నమ్మకం.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్నకంటే వయసులో పెద్దవాడు కాబట్టి పెదనాన్న. వాళ్ళింటి ముందుగదే స్టూడియో. గోడకు ఒక తెర వేలాడేది. దాని మీద రాజభవనం మెట్లు, కొలను, కొలనులో రెండు హంసలు. ఊళ్ళో పెళ్ళైన ప్రతి జంటా ఆ మెట్ల ముందు నిలబడింది. అందరికీ ఒకే కోరిక. తెర మొత్తం పడాలి, తాము సరిగ్గా నడిమధ్యన ఉండాలి, కాళ్ళు కనపడాలి. ముగ్గురు కలిసి దిగకూడదనేది ఇంకో పట్టింపు. ముగ్గురొస్తే నాలుగో మనిషి కోసం వీధిలో వెతికేవాళ్ళు. అలా పిలిపించుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఫోటోల్లో నేను కూడా రెండు మూడు సార్లు దిగాను. ఇప్పటికీ ఎవరి గోడల మీదో ఉండే ఉంటాను.

బడి లేనప్పుడు ఆయన దగ్గరే కూర్చునేదాన్ని. ఒకరోజు ఆయన ఖాళీ అగ్గిపెట్టె లోపలి అర తీసి, దాని అడుగు చింపి, మిగిలిన చట్రాన్ని నా చేతిలో పెట్టాడు. ఒక కన్ను మూసి ఇందులోంచి చూడు, నీకు కావలసిందే అందులో పెట్టు, అక్కర్లేనిది బయట వదిలెయ్యి అన్నాడు. నడిమధ్యకి ఎవరైనా చూస్తారు, నువ్వు అంచులు చూసుకో అని కూడా చెప్పాడు. వారం పాటు అన్నం తింటున్నా ఆ చట్రం వదల్లేదు. మా గేదెను అందులో పెట్టి పేడకుప్పను బయట వదిలాను. అమ్మను పెట్టి ఆమె కోపాన్ని వదలడం మాత్రం చేతకాలేదు.

చెప్పవలసిన సంగతికి ఇప్పుడొస్తాను. మా నాయనమ్మ బట్టీ దగ్గర రాయి కొట్టేది. పెద్ద రాళ్ళను సుత్తితో పిడికెడు ముక్కలు చేసే పని. నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక రాయి దొర్లి ఆమె కుడిచెయ్యి దానికింద పడింది. గుంటూరు ఆసుపత్రిలో బొటనవేలూ చూపుడువేలూ తీసేశారు. ఇంటికొచ్చాక ఆమె ఏడవలేదు గానీ, ఆ చెయ్యి ఎవరికీ కనపడనిచ్చేది కాదు. పమిట కుడివైపు నుంచి చుట్టి తెచ్చి దాన్ని అందులో దాచేది. ఎండలోనూ అంతే, భోజనం దగ్గరా అంతే. ఎడమచేత్తోనే ముద్ద కలుపుకునేది. ఎవరితోనూ కలిసి తినడం మానేసింది.

మా చిన్నాన్న అప్పటికి పటాలంలో ఉన్నాడు. ఎక్కడో మంచుకొండల దగ్గర. రెండేళ్ళుగా సెలవు దొరకలేదు. ఇంట్లో ఉత్తరాలు రాసేది నేనే. నాన్న లారీ మీద తిరిగే మనిషి, అమ్మకు అక్షరాలు రావు. నాయనమ్మ గడప మీద కూర్చుని చెప్పేది, నేను రాసేదాన్ని. చివర ఆమె కుడి బొటనవేలికి నా కలంలోని సిరా పూసి కాగితం మీద నొక్కించేదాన్ని. సంతకం అన్నమాట. చుట్లు చుట్లుగా గీతలు, వాటికి అడ్డంగా ఒక సన్నటి తెల్ల గీత పడేవి. ఆ గీత ఆమె పడుచుతనంలో కొడవలితో తెగిన మచ్చ.

వేళ్ళు పోయిన సంగతి చిన్నాన్నకు రాయవద్దని నాయనమ్మ ఒట్టు వేయించుకుంది. ఆమె మాట నాకు బాగా గుర్తు.

"వాడు అక్కడ తుపాకి పట్టుకోని నిలబడేవాడు. ఇక్కడి గోల వాడి బుర్రలోకి పోకూడదు. ఈ ఒక్కటీ వదిలెయ్, మిగతావన్నీ రాయి."

వదిలేశాను. గేదె ఈనింది, పక్కవీధిలో బోరింగు వేశారు, మిరప ధర పడిపోయింది, ఇవన్నీ రాశాను. అగ్గిపెట్టె చట్రంలోంచి పేడకుప్పను వదిలినట్టే అనుకున్నాను. చివర ఎడమచేతి బొటనవేలు నొక్కించాను. బొటనవేలు బొటనవేలే కదా అనుకున్నాను.

అలా ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు చిన్నాన్న దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఇక్కడ అందరి దగ్గరా వాళ్ళ అమ్మల ఫోటోలున్నాయి, నా దగ్గరే లేదు, వెంటనే అమ్మ ఫోటో ఒకటి తీయించి పంపండి అని రాశాడు. వెంటనే అన్న మాట కింద గీత గీశాడు. నేను చదువుతుంటే నాయనమ్మ చెయ్యి పమిటలో కదలడం కనపడింది.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. నాన్న తేలిక మార్గం చెప్పాడు. మెడ వరకు తీయిద్దాం, చెయ్యి ఊసే ఉండదు అన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. మా వైపు మెడ వరకు తీసిన ఫోటోలన్నీ గోడల మీద దండలతో ఉంటాయి. బతికున్నవాళ్ళకి కాళ్ళు కనపడాలి.

"తలకాయ ఫోటో పోయినోళ్ళకి తీస్తారు. నన్నెప్పుడు చంపావురా నువ్వు?" అంది.

అమ్మ తాను పక్కన నిలబడి చెయ్యి కనపడకుండా అడ్డం ఉంటానంది. నేనూ ఉంటానన్నాను. అప్పుడు ముగ్గురమవుతామని గుర్తొచ్చి అమ్మ చటుక్కున వెనక్కి తగ్గింది. ఆఖరికి నాయనమ్మ ఒక్కతే, నిలువునా, చెయ్యి కనపడకుండా. ఆ పని నామీద పడింది. నామీద పడిందనడం కంటే నేనే మీద వేసుకున్నాను. అగ్గిపెట్టె నా దగ్గరుందిగా.

రెండు రోజులు కష్టపడ్డాను. నాయనమ్మను పీట మీద కూర్చోబెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు పక్కన నిలబెట్టి చట్రంలోంచి చూశాను. ఏది ఎలా ఉందో నోట్‌బుక్కులో బొమ్మ వేసి, పక్కన బాగుంది, బాగాలేదు అని రాసుకున్నాను. చివరికి కుర్చీ, పమిట భుజాల చుట్టూ తెచ్చి కుడిచెయ్యి లోపల, ఎడమచెయ్యి ఒళ్ళో పైన. ఆ బొమ్మ కింద చానా బాగుంది అని రాసుకున్నాను. బడిలో చాలా అనేదాన్ని, ఇంట్లో చానా. అది ఇంటి పుస్తకం.

ఆదివారం పొద్దున్నే పెదనాన్న స్టూడియోకి వెళ్ళాం. నాయనమ్మ ముదురు నీలం చీర కట్టుకుంది. తెర చూసి, ఆ మెట్లు నేనెక్కిందీ లేదు దిగిందీ లేదు, అది తీసెయ్యి అంది. పెదనాన్న అదే కోరుకుంటున్నట్టు తెరను చుట్టేసి పక్కన పెట్టాడు. వెనక సున్నం కొట్టిన గోడ మిగిలింది. వెలుతురు కోసం కుర్చీని వసారాలోకి తెచ్చి, అక్కడా అలాంటి గోడ ముందే వేశాడు. అయితే మధ్యలో వేయలేదు, ఒక పక్కకి జరిపాడు. నాయనమ్మను వీధి గుమ్మం వైపు చూడమన్నాడు. ఆ వైపు గోడంతా ఖాళీ. నేను ఉండబట్టలేక, అటు వృథాగా పోతోంది పెదనాన్నా అన్నాను. అటు చూస్తోంది గదమ్మా, చూపుకి చోటుండొద్దా అన్నాడు.

నా ఏర్పాటు ప్రకారం నాయనమ్మకు పమిట సర్దాను. నోట్‌బుక్కు చూసుకుంటూ సర్దాను. పెదనాన్న కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చి చాలాసేపు చూశాడు. తర్వాత బయటికొచ్చి నన్ను పిలిచాడు. అంతకుముందు ఎన్నిసార్లు బతిమాలినా నన్ను ఆ గుడ్డ కిందికి రానివ్వలేదు. ఆ రోజు తానే ఒక ముక్కాలిపీట వేసి ఎక్కించాడు.

గుడ్డ కింద చీకటి. ఆ చీకట్లో కెమెరా వెనకవైపు గరుకు గాజు మీద చిన్న వెలుగు బొమ్మ. ఆ కెమెరాలో బొమ్మ తిరగబడే పడుతుంది, నాయనమ్మ తలకిందులుగా వేలాడుతోంది. కాళ్ళు పైన, తల కింద. ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. తలకిందులుగా ఉన్న మనిషిలో మనిషి ముందు కనపడదు. మొహం మొహంలా ఉండదు, చీర చీరలా ఉండదు. నల్లని ముద్దలు, తెల్లని ముద్దలు, వాటి బరువులు కనపడతాయి. తెల్ల గోడ, దాని ముందు నీలం చీర ఒకే ముదురు ముద్ద. ఆ ముద్ద మధ్యలో పమిట ఉబ్బిన చోట, మడతల మీద వెలుగు పడి, కట్టిన మూటలాగా ఒకటి. కన్ను తిన్నగా అక్కడికే పోతోంది. మొహం వైపు తిప్పుకున్నా మళ్ళీ అక్కడికే వస్తోంది.

గుడ్డ బయటి నుంచి పెదనాన్న నెమ్మదిగా అడిగాడు, ముందు ఏం కనపడిందని. అబద్ధం చెప్పాలనిపించింది. గుడ్డ కింద ఉన్నాను కాబట్టి నా మొహం ఎవరికీ కనపడదు కదా అని కూడా అనుకున్నాను. కానీ ఆయన నన్ను మొదటిసారి పీట ఎక్కించాడు.

"మనం దాచింది" అన్నాను.

వీధిలో రాళ్ళ లారీ ఒకటి పోయిన చప్పుడు. పెదనాన్న నాయనమ్మతో అన్నాడు, "కన్ను అంతే పిన్నీ. దాచినకాడికే పోద్ది. వాడు ఈ ఫోటో పట్టుకోని ఇంకేం చూడడు, ఈ మూటలో ఏముందా అనే చూస్తాడు."

నేను గుడ్డలోంచి తల తీయలేదు. నాయనమ్మ మొహం చూడటానికి భయం. అందుకని గాజు మీదే చూస్తున్నాను. చాలాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత తలకిందుల బొమ్మలో ఆ మూట కదిలింది, విప్పుకుంది. పమిట భుజం మీదికి వెళ్ళింది. మూడు వేళ్ళ చెయ్యి బయటికొచ్చి, ఒళ్ళో ఎడమ అరచేతి మీద వెల్లకిలా పడుకుంది.

"ఇప్పుడు చూడవే" అంది నాయనమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "ఏం కనపడతంది?"

ముందు మొహం కనపడింది. మొహం నుంచి చూపు ఎటు పోతోందో అటు ఖాళీ గోడ కనపడింది. అక్కడి నుంచి దిగి, ఎప్పటికో చేతుల దగ్గరికి వచ్చాను. అవి రెండు చేతులు. అంతే. ఒకదానికి వేళ్ళు తక్కువ. ఆమె మోకాలు ఎంతో, గాజులు ఎంతో, అదీ అంతే. అదే మాట చెప్పాను. నువ్వే కనపడుతున్నావు నాయనమ్మా అన్నాను.

పెదనాన్న నన్ను దింపి, బొమ్మ పడే గాజు ప్లేటు కెమెరాలో పెట్టి, కెమెరా కంటి మీది మూత తీసి రెండు అంకెలు లెక్కపెట్టి మళ్ళీ మూసేశాడు. నాయనమ్మ ఆ రెండు అంకెలసేపూ వీధి గుమ్మం వైపే చూసింది, అక్కడ ఎవరో వచ్చి చెప్పులు విప్పుతున్నట్టు.

ఫోటో చేతికొచ్చాక ఉత్తరం రాయడానికి కూర్చున్నాం. నాయనమ్మ ఒట్టు వెనక్కి తీసుకుంది. రాయి దొర్లిన దగ్గర నుంచి చెప్పింది. ఎవరు మోశారు, ఏ లారీలో తీసుకెళ్ళారు, ఆసుపత్రిలో ఎన్ని రోజులు ఉంది, అన్నీ. నా అక్షరాలు వంకర్లు పోయాయి. ఇన్నాళ్ళూ దాచినందుకు చిన్నాన్న నన్ను క్షమించడనుకున్నాను. నాయనమ్మ భయం వేరు. వాడు అక్కడ పని పాడుచేసుకుని పరిగెత్తుకొస్తాడేమో, కాపలా నిలబడిన చోట పరధ్యానంలో పడతాడేమో అని. ఉత్తరం డబ్బాలో వేసిన దగ్గర నుంచి ఆమె పొద్దున్నే వీధి గుమ్మంలో కూర్చునేది. ఆ చూపు నేను గాజు మీద చూసిన చూపే.

ఆ ఎదురుచూపుల రోజుల్లోనే పెదనాన్న నాకు ఒక పాత డైరీ ఇచ్చాడు. ఎవరో కంపెనీవాళ్ళు పంచినది, అప్పటికే పోయిన సంవత్సరానిది. మొదటి పది పేజీల్లో ఆయన లెక్కలున్నాయి, మిగతాది ఖాళీ. రోజూ చూసినదాంట్లోంచి ఒక చట్రానికి సరిపడా రాయి అన్నాడు. ఆ డైరీ ఇప్పుడు నా బీరువాలో పైఅరలో మొదటిది. లైబ్రరీలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ పుస్తకాలకు వేసినట్టే నా డైరీలన్నిటికీ వరుస నంబర్లు వేశాను. దానికి ఒకటి. చిన్నాన్న జవాబు అందులో మాటకు మాట ఎత్తి రాసుకున్నాను కాబట్టి ఈ కింది వాక్యాల్లో నా కల్పన లేదు.

"అమ్మా, ఫోటో అందింది. నీ వేలిముద్రలో కొడవలి గీత కనపడని రోజు నుంచి నాకు తెలుసు, ఏదో అయిందని. చిన్నప్పుడు నీ వేలు పట్టుకోని ఆ గీత తడుముకుంటానే నిద్రపోయేవాణ్ణి గదా. అది మరిచిపోతానా. ఉత్తరంలో అందరూ బాగున్నారనే ఉండేది. ఏమీ లేదన్నకొద్దీ నాకు చానా ఎక్కువ తోచేది. నువ్వే లేవేమో, ఎవరి వేలో ఏసి పంపుతున్నారేమో అనుకున్నా. అడిగితే అబద్ధం రాయించాల్సొస్తదని అడగలా. అందుకే ఫోటో పంపమన్నా. తలకాయ వరకే వస్తే ఏం చేసేవాణ్ణో తెలియదు. కాళ్ళతో కుర్చీలో కూర్చున్నావు. రెండు వేళ్ళేనా అమ్మా. ఏడాదిన్నర తర్వాత రాత్రి కంటినిండా నిద్రపోయా. పాపని తిట్టబాకండి. ఇకమీదట ఏదున్నా రాయమని చెప్పండి."

నేను చదవడం పూర్తిచేశాక నాయనమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట అందరితో కలిసి కూర్చుంది. మూడు వేళ్ళతో ముద్ద కలపడానికి చూసింది. సగం కంచంలో, సగం ఒళ్ళో పడింది. నాన్న నవ్వాడు, ఆమె నవ్వుతూ తిట్టింది.

పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. స్టూడియో ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. మొన్న నా మనవరాలు ఇంట్లోవాళ్ళను వరుసగా నిలబెట్టి ఫోన్లో ఫోటో తీస్తుంటే, తలకిందులు చేసి చూసుకోవే అన్నాను. అది ఫోన్ తిప్పింది. బొమ్మ దానంతటదే మళ్ళీ నిలబడింది. చూశావా అమ్మమ్మా, దీనికి తలకిందులంటే ఏందో తెలియదు అని నవ్వింది. తర్వాత ఏదో బొత్తాం నొక్కి, బొమ్మ తిరగకుండా కట్టేసి, ఫోన్ తిప్పి నిజంగానే చూసింది. చాలాసేపు చూసింది. చూసి, వాళ్ళ నాన్నను చెయ్యి జేబులోంచి తీయమంది. ఎందుకని నేను అడగలేదు.

చిన్నాన్న జవాబు వచ్చిన వారానికి మళ్ళీ ఉత్తరం రాశాం. చివర నాయనమ్మ ఎడమ బొటనవేలు నొక్కింది. కలం మూత పెట్టబోతుంటే ఆగమంది. దానికింద ఇది ఎడమచేతి వేలు అని రాయి అంది. ఆమె బతికున్నంతకాలం ప్రతి ఉత్తరం కిందా ఆ మాట రాశాను.

నా డైరీల్లో అన్నీ ఉండవు. చట్రంలో అన్నీ పట్టవు, పట్టించకూడదు కూడా. కొందరి బాధలు నావి కావు, కొన్ని మాటలు రాసుకోవడానికి కావు. అవి వదిలేస్తాను. కానీ వదిలిన ప్రతిచోటా, ఆ తారీఖు పక్కన, ఇక్కడ ఒకటి వదిలాను అని రాసి పెడతాను. నా తర్వాత ఎవరైనా ఈ పుస్తకాలు తెరిస్తే వాళ్ళకి ఆ ఖాళీ ఎక్కడుందో తెలియాలి. లేని గీత కోసం ఎవరూ ఏడాదిన్నర వెతుక్కోకూడదు.